ఓబీ గుట్ట మీద సోలార్: నేల గుణం తెలిసిన బొగ్గుబాయి మనిషే కావాలి

భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి దారుల్లో బస్సు కిటికీలోంచి కనిపించే పెద్ద గుట్టల్లో చాలావరకు పుట్టుగుట్టలు కావు. ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వే గనిలో, బొగ్గు మీదున్న మట్టినీ బండనూ తవ్వి డంపర్లతో పోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలు. వాటి చుట్టుపక్కలే మూతపడ్డ ఇన్‌క్లైన్లు (ఏటవాలు దారితో భూగర్భంలోకి దిగే గనులు), నీళ్లు నిండిన క్వారీలు, ఖాళీ అయిన యార్డులు ఉంటాయి. ఈ ప్రాంతాల్లో ఇప్పుడు సోలార్ వస్తోంది. జైపూర్, మణుగూరు, ఇల్లందు, రామగుండం, మందమర్రి, కొత్తగూడెం, భూపాలపల్లి ఏరియాల్లో సింగరేణి ప్లాంట్లు ఇప్పటికే కరెంటు ఇస్తున్నాయి. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే ప్లాంట్ 2022 జులైలో పూర్తయింది.

మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి, గని మూసేశాక భూమి ఖాళీగానే ఉంటుంది కదా, ప్యానెళ్లు పరిస్తే సరిపోతుంది అని చాలామంది అనుకుంటారు. బొగ్గు తీసిన నేల అంత తేలిగ్గా లొంగదు. దాని లోపల ఏముందో, ఎప్పుడు పోశారో, ఎక్కడ బోలుగా ఉందో తెలిసిన మనుషులు కావాలి. వాళ్లు ఆ గనిలోనే ఉన్నారు. సర్వే చైను పట్టినవాళ్లు, పంపులు నడిపినవాళ్లు, 3.3 కేవీ బ్రేకర్ దగ్గర షిఫ్టులు చేసినవాళ్లు. వాళ్లకు కొత్తగా నేర్పాల్సింది తక్కువే. ఆ తక్కువలోనే ప్రాణం తీసే సంగతులు ఉన్నాయి గనుక దాన్ని సరిగ్గా నేర్పాలి.

మొదటి మెట్టు: సర్వే ఆఫీసు

డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) రాసే కన్సల్టెంటు ముందుగా ఉపగ్రహ చిత్రం తెరుస్తాడు. దానికంటే ముందు తెరవాల్సింది గని సర్వే ఆఫీసులోని వర్కింగ్ ప్లాన్, అంటే ఎక్కడెక్కడ తవ్వారో చూపే పటం. ప్రతిపాదించిన హద్దును ఆ ప్లాన్ మీద గీస్తే భూమి మూడు ముక్కలుగా విడిపోతుంది: కింద ఏమీ తవ్వని గట్టి నేల, పోసిన ఓబీ, అడుగున భూగర్భ వర్కింగులు ఉన్న నేల.

గట్టి నేల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 300 మిల్లీమీటర్ల వ్యాసం, ఒకటిన్నర మీటరు లోతు గుంత తవ్వి కాంక్రీటులో కాలమ్ నిలపడం అందరికీ తెలిసిన పని. ఇలాంటి కాలమ్ పునాదుల్లో (పైల్స్) ఎక్కడైనా రెండు మూడింటిని క్రేన్‌తో పైకి లాగి పరీక్షించి డిజైన్ ఖాయం చేసుకుంటే చాలు.

భూగర్భ వర్కింగుల మీద కట్టేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. బొగ్గు పొర ఎంత లోతులో ఉంది? ఎంత మందం తీశారు? కప్పును మోయడానికి వదిలిన బొగ్గు స్తంభాలు తీసేసి కప్పు కూల్చారా, ఇసుక నింపారా, లేక స్తంభాలు అలాగే నిలబడి ఉన్నాయా? ఆఖరుగా అక్కడ ఎప్పుడు పని జరిగింది? ఒక చిన్న లెక్క చూడండి. 3 మీటర్ల బొగ్గు తీశారు, కూలిన రాయి 30 శాతం ఉబ్బుతుంది అనుకుంటే, 3ని 0.3తో భాగించండి, 10 వస్తుంది. అంటే కప్పు 10 మీటర్ల ఎత్తు దాకా కూలాక ఖాళీ దానంతటదే నిండిపోతుంది. పైన కవర్ (బొగ్గు పొర మీదున్న నేల మందం) 80 మీటర్లు ఉంటే ఒక్కసారిగా బొంద పడే భయం తక్కువ. నేల పళ్లెంలా మెల్లగా కుంగడం మాత్రం ఉంటుంది. కవర్ 15, 20 మీటర్లే అయి, అది మెత్తటి ఇసుకరాయి అయితే ఈ లెక్కను నమ్మకూడదు. వాననీళ్లు ఇసుకను కడిగి కింద తవ్విన గ్యాలరీ (సొరంగం)లోకి తీసుకుపోతాయి, నిండిందనుకున్న ఖాళీ మళ్లీ పుడుతుంది.

కప్పు కూల్చేసి ఏళ్లు గడిచిన చోటుకన్నా, తక్కువ లోతులో స్తంభాలు ఇంకా నిలబడి ఉన్న పాత వర్కింగునే ఎక్కువ అనుమానించాలి. కూలిన చోట కదలిక చాలావరకు అయిపోయింది. నిలబడ్డ స్తంభం నీళ్లలో నాని ఎన్నేళ్లకు చిట్లుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట ఇన్వర్టర్ గదినీ ట్రాన్స్‌ఫార్మర్‌నూ పెట్టొద్దు. ప్యానెళ్లు పెట్టక తప్పకపోతే చిన్న టేబుళ్లుగా (ప్యానెళ్లు బిగించే చట్రాలుగా) విడగొట్టి, చుట్టూ కంచె వేసి, వానాకాలంలో మనుషులు నడిచే దారిని మరో వైపుకు మార్చాలి.

గని వదిలేసేటప్పుడు ఆ ప్లాన్‌ను గనుల భద్రతా సంచాలక కార్యాలయానికి అప్పగించాలన్నది చట్టం. కాబట్టి పాత గని అయినా ప్లాన్ దొరికే మార్గం ఉంది. అయినా పాత ప్లాన్‌లో అంచులు అటూ ఇటూ ఉండొచ్చు. ఆ గనిలో పనిచేసి రిటైరైన సర్వేయర్, ఓవర్‌మన్ (షిఫ్టు పని చూసే పర్యవేక్షకుడు)లను కూర్చోబెట్టి ప్లాన్ మీద వేలు పెట్టి చూపించమనడం డీపీఆర్‌లో ఒక పనిగానే రాసుకోవాలి. దానికి పారితోషికం కూడా ఇవ్వాలి.

భూమి ఎవరిదన్నది కూడా ఈ దశలోనే తేలాలి. సింగరేణి గనుల కింద అటవీ భూమి చాలా ఉంది. గని కోసం మళ్లించిన అడవిని ఆ పని అయ్యాక మళ్లీ పచ్చగా చేసి అప్పగించాల్సి ఉంటుంది. అదే భూమిలో సోలార్ అంటే వేరే అనుమతి కావాలి. 1957 బొగ్గు భూముల సేకరణ చట్టం కింద తీసుకున్న భూములను పునరుత్పాదక విద్యుత్తు వంటి పనులకు వాడుకునే విధానానికి కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. మిగతా భూములకు అది వర్తించదు. గని మూసివేత ప్రణాళికలో ఆ గుట్ట మీద చెట్లు నాటుతామని ముందే రాసి ఉంటే, ఆ ప్రణాళికను సవరించకుండా అక్కడ ఒక్క కాలమ్ కూడా నిలపకూడదు.

గుట్ట కుంగుతుంది, కుంగనివ్వాలి

ఓబీ గుట్ట కథే అసలు కథ. డంపర్ అంచు దాకా వచ్చి పోసేస్తే పెద్ద బండలు కిందికి దొర్లుతాయి, సన్నమట్టి పైన నిలుస్తుంది. మధ్యలో అంతా ఖాళీలే. తన బరువుకు తానే కొంత కుంగుతుంది. మొదటి పెద్ద వానలకు మట్టిగడ్డలు నాని ఖాళీల్లోకి జారడంతో ఒక్కసారిగా ఇంకొంత కుంగుతుంది. 60 మీటర్ల గుట్ట ఎత్తులో ఒక్క శాతం కుంగినా 60 సెంటీమీటర్లు. అంతా సమంగా కుంగితే ప్యానెల్‌కు నష్టం లేదు. మూడు మీటర్ల దూరంలో ఉన్న రెండు కాళ్లలో ఒకటి 5 సెంటీమీటర్లు దిగి, రెండోది దిగకపోతేనే టేబుల్ మెలితిరిగి అద్దం పగులుతుంది.

బొగ్గు గనుల నిబంధనల ప్రకారం మట్టి గుట్ట వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు, ఒక్కో బెంచి (మెట్టు) ఎత్తు 30 మీటర్లు మించకూడదు, మొత్తం వాలు నిలువు ఒకటికి అడ్డం ఒకటిన్నర కంటే నిటారుగా ఉండకూడదు. ఇవి గుట్ట జారకుండా ఉండటానికి పెట్టిన కనీస హద్దులు. వాటిని పాటించినంత మాత్రాన గుట్ట సోలార్‌కు సిద్ధమైనట్టు కాదు. మట్టి పోయడం ఆపిన తర్వాత కనీసం రెండు మూడు వానాకాలాలు గడిచిన గుట్టనే ఎంచుకోవాలి. దాని మీద 50 మీటర్లకొకటి చొప్పున కాంక్రీటు దిమ్మెలు పాతి, మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో మట్టాలు తీయాలి. బెంచి మార్కు (కొలతలకు ఆధారమైన స్థిర గుర్తు) గుట్ట మీద ఉండకూడదు, గట్టి నేల మీదే ఉండాలి. ఈ చిన్న సంగతి మరిస్తే గుట్టతోపాటు బెంచి మార్కూ దిగుతుంది, కాగితం మీద కుంగుబాటు సున్నా అని వస్తుంది. ఒక వానాకాలంలో పక్కపక్క దిమ్మెల మధ్య తేడా చాలా తక్కువగా ఉంటేనే ముందుకెళ్లాలి.

నీళ్లను గుట్ట మీద నిలవనివ్వకపోవడం పునాదికన్నా ముఖ్యం. పై భాగాన్ని లోపలివైపు కొద్దిగా వాలుగా చదును చేసి, నీళ్లను కట్టిన కాలువలోకి తెచ్చి, రాళ్లు పరిచిన మెట్ల మీదుగా కిందికి దించాలి. అంచు నుంచి నేరుగా వదిలితే ఒక్క వానకే గండి పడుతుంది. అంచుకు సమాంతరంగా సన్నటి పగుళ్లు కనిపిస్తే బంకమట్టితో పూడ్చి, వెనకాల ఇంకో వరుస దిమ్మెలు పెట్టి కొలవాలి. ప్యానెళ్ల వరుసను అంచుకు దూరంగా ఆపడం ఎకరానికి ఒకటి రెండు టేబుళ్లు తగ్గించినా మంచి బేరమే.

ఇక్కడ పైల్ తవ్వడం పనికిరాదు. బండ తగిలితే బోరు వంకర పోతుంది, ఖాళీ తగిలితే కాంక్రీటు మింగుతుంది. నేల మీదే కూర్చునే కాంక్రీటు దిమ్మె, దాని మీద ఎత్తు సవరించుకునే కాలు పెట్టాలి. బేస్ ప్లేటుకు పొడవాటి రంధ్రాలు, బోల్టుకు రెండు నట్లు ఉంటే ఏడాదికోసారి స్పిరిట్ లెవెల్ పెట్టి 10 సెంటీమీటర్ల దాకా సర్దొచ్చు. ఆ పని ఫిట్టర్‌కు కొత్తేమీ కాదు. కన్వేయర్ స్ట్రక్చర్ అలైన్‌మెంట్ సరిచేసిన చేతికి ఇది చిన్న పని.

దిమ్మె బరువు దగ్గర అందరూ పొరబడేది గాలి విషయంలో. ఉదాహరణకు గాలి వేగం సెకనుకు 44 మీటర్లు తీసుకోండి. ఒత్తిడి 0.6 ఇంటూ వేగం ఇంటూ వేగం, అంటే చదరపు మీటరుకు సుమారు 1,160 న్యూటన్లు. 540 వాట్ల ప్యానెల్ వైశాల్యం 2.58 చదరపు మీటర్లు. ఎత్తే గుణకం 1 అనుకుంటే ఒక్కో ప్యానెల్‌ను గాలి సుమారు 300 కిలోల బలంతో పైకి లేపుతుంది. ఇది చదును నేల లెక్క. గుట్ట శిఖరం దగ్గర గాలి వేగం పెరుగుతుంది. గాలి భారం లెక్కకు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో దీనికోసం కే3 అనే గుణకం ఉంది, 1 నుంచి 1.36 దాకా పోతుంది. 1.2 తీసుకున్నా దాని వర్గం 1.44. 300 కిలోలు 440 కిలోలు అవుతాయి. చదును నేల డ్రాయింగును గుట్ట మీదికి మక్కీకి మక్కీ తెస్తే ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఈదురుగాలికి అంచు వరుసలు లేచిపోయేది ఇందుకే. అంచు రెండు వరుసలకు దిమ్మె బరువు వేరే లెక్క కట్టాలి.

టేబుల్ పొడవు కూడా తగ్గించాలి. చదును నేల మీద రెండు వరుసల్లో 14 చొప్పున 28 ప్యానెళ్లు ఒక టేబుల్, అదే ఒక స్ట్రింగ్ (ఒకదాని వెంట ఒకటి కలిపిన ప్యానెళ్ల గొలుసు). పొడవు 16 మీటర్లు దాటుతుంది. గుట్ట మీద దాన్ని 14 ప్యానెళ్ల రెండు టేబుళ్లుగా, ఎనిమిది మీటర్ల చొప్పున విడగొట్టి, మధ్య కేబుల్‌ను 30 సెంటీమీటర్ల వంపుతో వదలాలి. బిగుతుగా లాగి కట్టిన కేబుల్ మొదటి కుంగుబాటుకే కనెక్టర్ దగ్గర ఊడుతుంది. కేబుల్‌ను పాతిపెట్టే బదులు ట్రేలో నేల మీద నడిపించడమే మేలు.

పాతిపెట్టొద్దనడానికి ఇంకో కారణం వేడి. ఓబీలో బొగ్గు ముక్కలు, నల్లటి షేల్ కలిసి ఉంటే లోపల గాలి తగిలి మెల్లగా రాజుకుంటుంది. వాన వెలిశాక ఒకేచోట ఆవిరి లేవడం, కిరసనాయిలు లాంటి వాసన, రాళ్ల మీద పసుపుపచ్చ పూత, గడ్డి గుండ్రంగా మాడిపోవడం దాని గుర్తులు. తెల్లవారుజామున, ఎండ తగలకముందే థర్మల్ కెమెరాతో గుట్టంతా తిరిగి చూస్తే వేడి మచ్చలు తేలిపోతాయి. అలాంటి చోట కాలువ తవ్వితే గాలి దారి ఇచ్చినట్టే. బంకమట్టితో మందంగా కప్పి, నొక్కి, ఆ భాగాన్ని వదిలేయాలి.

ఎర్తింగ్ కూడా గుట్ట మీద మొండికేస్తుంది. రాళ్ల మధ్య ఖాళీలు ఎక్కువ కాబట్టి నేల నిరోధం ఎక్కువ, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఒక్కో రాడ్‌ను నమ్ముకోకుండా చుట్టూ బెంటోనైట్ (తేమ నిలిపే బంకమన్ను) నింపిన రాడ్లను స్ట్రిప్‌తో కలిపి పెద్ద రింగులా వేసి, వీలైతే గుట్ట కింద గట్టి నేలలో ఒక కొస కలపాలి. విలువను మే నెలలో కొలవాలి. ఆగస్టులో కొలిచి రిపోర్టు రాస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

స్ట్రింగ్ లెక్క, దుమ్ము, నీళ్లు

28 ప్యానెళ్లే ఎందుకు అని ట్రైనింగ్‌లో తప్పకుండా అడుగుతారు. ఒక్కో ప్యానెల్ ఓపెన్ వోల్టేజ్ (లోడ్ లేనప్పటి వోల్టేజ్) 49.5 అనుకుంటే 28కి 1,386 వోల్టులు. ఇది 25 డిగ్రీల లెక్క. చలి పెరిగితే వోల్టేజ్ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.27 శాతం. ఆదిలాబాద్ వైపు డిసెంబరు తెల్లవారుజామున 5 డిగ్రీలకు దిగితే 5.4 శాతం పెరిగి 1,461 అవుతుంది. ఇన్వర్టర్ హద్దు 1,500. ఇంకొక్క ప్యానెల్ కలిపి 29 చేస్తే 1,513, హద్దు దాటింది. అందుకే హైదరాబాద్ ఉష్ణోగ్రతతో వేసిన లెక్కను ఆసిఫాబాద్‌కు వాడకూడదు. 66 స్ట్రింగులు వేస్తే 1,848 ప్యానెళ్లు, దాదాపు ఒక మెగావాట్.

ఎండాకాలం సంగతి తిరగబడుతుంది. రామగుండంలో 45 డిగ్రీలున్న మధ్యాహ్నం ప్యానెల్ లోపల 70 దాకా పోతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున దాదాపు 16 శాతం పవర్ అక్కడే పోతుంది. మే నెలలో ఎండ మండుతున్నా యూనిట్లు తగ్గాయని ఆపరేటర్‌ను తిట్టడం అన్యాయం. ఏడాది మొత్తమ్మీద 18 శాతం సామర్థ్య వినియోగంతో మెగావాట్‌కు 15.8 లక్షల యూనిట్ల దాకా వస్తాయి. యూనిట్‌కు 0.7 కిలోల బొగ్గు లెక్కేస్తే, ఒక్కో మెగావాట్ ఏటా 1,100 టన్నుల బొగ్గు పని చేస్తుంది.

పక్కనే ఇంకో ఓపెన్‌కాస్ట్ నడుస్తుంటే దుమ్ము పెద్ద శత్రువు. బొగ్గుపొడి మామూలు మట్టిలా గాలికి ఎగిరిపోదు, పొద్దున మంచుతో కలిసి అద్దం కింది అంచున నల్లటి పట్టీలా పేరుకుంటుంది. ఆ పట్టీ కింది వరుస సెల్స్‌ను కప్పేస్తుంది. అందుకే పైనుంచి చూసి శుభ్రంగా ఉంది అనుకోకుండా కింది అంచును చేత్తో తుడిచి చూడాలి. డంపర్లు తిరిగే హాలేజ్ రోడ్డుకు గాలి వాటాన ఉన్న వరుసలను మిగతావాటికన్నా తరచుగా కడగాలి. ప్యానెల్‌కు రెండు లీటర్లు వేసుకున్నా మెగావాట్‌కు ఒక్క కడుగుడుకు 3,700 లీటర్లు. గని సంప్ (నీళ్లు చేరే గుంత) నీళ్లు ఉచితంగా దొరుకుతాయి కదా అని నేరుగా వాడితే ఉప్పులు, సున్నం అద్దం మీద తెల్లగా పొరకట్టి, ఆ తర్వాత యాసిడ్ తప్ప దేనికీ పోవు. యాసిడ్ పోస్తే అద్దం మీది పూతే పోతుంది. నీళ్లను పరీక్ష చేయించి, అవసరమైతే సాఫ్ట్‌నర్ పెట్టాలి. కడగడం పొద్దు పొడవకముందు, లేదా పొద్దు గూకాక. మిట్టమధ్యాహ్నం కాలే అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగులుతుంది, తడి చేతులతో 1,300 వోల్టుల పక్కన నిలబడటం అంతకన్నా ప్రమాదం.

నీళ్ల మీద కట్టేది వేరే విద్య. రామగుండం రిజర్వాయర్‌లో 40 బ్లాకులు, ఒక్కోటి 2.5 మెగావాట్లు, ఒక్కో బ్లాకులో 11,200 ప్యానెళ్లు. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్ కూడా తేలే ఫెర్రోసిమెంట్ వేదిక మీదే ఉన్నాయి, అడుగున కాంక్రీటు బరువులతో కట్టేశారు. రిజర్వాయర్‌లో మట్టం పెద్దగా మారదు. వదిలేసిన క్వారీలో అలా కాదు, ఒక్క వానాకాలంలో నీళ్లు మీటర్ల కొద్దీ లేస్తాయి, నిటారు గోడ జారితే అల లేస్తుంది. కాబట్టి క్వారీలో తేలే ప్లాంట్ వేసే ముందు గోడ వాలు సరిచేయాలి, లంగరు తాడుకు మట్టం మార్పంతా తట్టుకునే పొడవు ఉండాలి. నీళ్ల మీద తేలే పాంటూన్ పంపుల మీద పనిచేసినవాళ్లకు ఈ ఇబ్బంది వివరించక్కర్లేదు. వానాకాలంలో నీళ్లు పెరిగే కొద్దీ కేబుల్, డెలివరీ పైపు సర్దడం వాళ్ల రోజువారీ పని.

గని ఎలక్ట్రీషియన్‌కు ఏం నేర్పాలి

గనిలో కరెంటు పని చేసినవాడికి క్రమశిక్షణ ఉంటుంది. పర్మిట్ లేకుండా స్విచ్ ప్యానెల్ తెరవడు, తాళం వేసి ట్యాగ్ కడతాడు, లైన్‌ను ఎర్త్ చేశాకే చెయ్యి పెడతాడు. ఎర్త్ లీకేజ్ రిలే (నేలకు కరెంటు కారితే సరఫరా ఆపే పరికరం) ఎందుకు పడిందో వెతకడం వాడికి నిత్యకృత్యం. ఏ ఐటీఐ కూడా మూడు నెలల్లో ఇంత ఇవ్వలేదు. కానీ వాడి అలవాట్లలో ఒకటి సోలార్‌లో ప్రాణాంతకం. స్విచ్ తీస్తే అవతలివైపు చచ్చిపోయినట్టే అన్న నమ్మకం అది. పగటిపూట సోలార్ ప్యానెల్‌ను ఆపే స్విచ్ లేదు. ఇన్వర్టర్ ఆపినా స్ట్రింగ్ కొసల మధ్య 1,300 వోల్టులు అలాగే ఉంటాయి.

రెండోది, ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, అందుకే స్విచ్ తీసినప్పుడు పుట్టే మెరుపు (ఆర్క్) ఆరిపోతుంది. డీసీ ఎప్పుడూ సున్నాకు రాదు. లోడ్ మీద ఉన్న ఎంసీ4 కనెక్టర్‌ను (ప్యానెల్ కేబుళ్లను కలిపే ప్లగ్గును) లాగితే పుట్టిన మంట కొసలను దూరం జరిపినా సాగుతూనే ఉంటుంది. అందుకే వరుస తప్పకూడదు: ముందు ఇన్వర్టర్ ఆపాలి, తర్వాత ఏసీ బ్రేకర్ తీయాలి, తర్వాత డీసీ స్విచ్, ఆ తర్వాత డీసీ క్లాంప్ మీటర్‌తో ప్రతి స్ట్రింగ్‌లో కరెంటు సున్నా అని చూసుకుని, అప్పుడే ఫ్యూజు గాని కనెక్టర్ గాని ముట్టాలి. ఇన్వర్టర్ మూత తెరవాలంటే కెపాసిటర్లలోని ఛార్జి దిగడానికి కంపెనీ చెప్పినంతసేపు ఆగాలి. ఏసీకి మాత్రమే పనిచేసే క్లాంప్ మీటర్ డీసీ తీగ మీద సున్నా చూపిస్తుంది. ట్రైనింగ్‌లో మొదటి రోజే రెండు మీటర్లూ పక్కపక్కన పెట్టి ఇది కళ్లతో చూపించాలి.

మూడోది కనెక్టర్. ప్లాంట్లలో మంటలకు పెద్ద కారణం ఇదే. రెండు కంపెనీల కనెక్టర్లు ఒకదాంట్లో ఒకటి దూరినా లోపలి లోహం సరిగ్గా కలవదు, వేడెక్కి కరుగుతుంది. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన క్రింప్ (తీగకు కనెక్టర్ లోహాన్ని నొక్కి బిగించడం) కూడా అంతే. ప్రతి ట్రైనీ ఇరవై ముప్పై కనెక్టర్లు సరైన పనిముట్టుతో వేసి, లాగి చూసి, కొన్నింటిని కోసి లోపల ఎలా కూర్చుందో చూడాలి.

నాలుగోది లోపం వెతకడం. పొద్దున మంచు పడ్డాక ఇన్వర్టర్ స్టార్ట్ కాదు, తొమ్మిదింటికి దానంతటదే లేస్తుంది. ఎక్కడో కేబుల్ తోలు ఊడి తడి నేలకు తగులుతోందని అర్థం. కాంబైనర్ బాక్సులో (స్ట్రింగులు వచ్చి కలిసే పెట్టెలో) స్ట్రింగులను ఒక్కొక్కటే వేరుచేసి, పాజిటివ్ నుంచి ఎర్త్‌కు, నెగెటివ్ నుంచి ఎర్త్‌కు వోల్టేజ్ కొలవాలి. మంచి స్ట్రింగ్‌లో రెండూ మెల్లగా సున్నావైపు జారతాయి. చెడ్డదాంట్లో స్థిరంగా నిలుస్తాయి. మొత్తం 1,300 ఉండగా పాజిటివ్‌వైపు 325, నెగెటివ్‌వైపు 975 వచ్చాయనుకోండి. 28ని 325తో గుణించి 1,300తో భాగిస్తే 7. పాజిటివ్ కొస నుంచి ఏడో ప్యానెల్ తర్వాతి జాయింటు దగ్గర చూడండి. గనిలో ట్రెయిలింగ్ కేబుల్ (యంత్రం వెంట సాగే కేబుల్) లోపం పట్టిన మనిషి ఈ లెక్కను ఒక్క పూటలో పట్టుకుంటాడు. కాంబైనర్ బాక్సు కింద గ్లాండ్ (కేబుల్ దూరే రంధ్రం) ఖాళీగా వదిలితే ఎలుక, దాని వెనకే పాము వస్తాయని కూడా చెప్పాలి.

ఇదంతా నేర్పడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. 1966 గనుల వృత్తి శిక్షణ నిబంధనల కింద సింగరేణిలో ఇప్పటికే వీటీసీలు (వృత్తి శిక్షణ కేంద్రాలు) ఉన్నాయి. వాటి ఆవరణలో పది ప్యానెళ్లు, 5 కిలోవాట్ల ఇన్వర్టర్, ఒక కాంబైనర్ బాక్సు, డీసీ క్లాంప్ మీటర్, మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్), థర్మల్ కెమెరా ఉంటే చాలు. పది ప్యానెళ్ల స్ట్రింగ్ 495 వోల్టులు ఇస్తుంది, భయం నేర్పడానికి అది సరిపోతుంది. గని ఎలక్ట్రీషియన్‌కు ఆరు వారాలు, ఫిట్టర్‌కు నాలుగు, ఏమీ రాని యువకుడికి కేంద్రం సోలార్ శిక్షణ పథకమైన సూర్యమిత్ర లాంటి 600 గంటల కోర్సు సరైన కొలత అని మా అభిప్రాయం. గనిలో ఇచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే చాలనుకోకుండా, రాష్ట్ర విద్యుత్ తనిఖీ శాఖ ఇచ్చే వైర్‌మన్, సూపర్‌వైజర్ పర్మిట్లు కూడా ట్రైనింగ్ కాలంలోనే తీయించాలి. కోర్సు అయ్యాక ఆరు నెలలు తిరగాల్సి వస్తే మనిషి మళ్లీ ఆటో నడుపుకోవడానికి పోతాడు.

ఉద్యోగాల లెక్క దాచకూడదు. 50 మెగావాట్ల ప్లాంట్ కట్టేటప్పుడు వందల మందికి పని ఉంటుంది. కట్టాక సెక్యూరిటీ, కడగడం కలిపి 30, 40 మందితో నడుస్తుంది. ఒక ఓపెన్‌కాస్ట్ మీద బతికే కుటుంబాలతో పోలిస్తే ఇది చాలా చిన్న సంఖ్య. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. పర్మినెంట్ కార్మికుడికి గని మూసినా ఇంకో ఏరియాకు బదిలీ ఉంటుంది. ఓబీ కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడిపినవాడికి, పంపు దగ్గర కాపలా ఉన్నవాడికి, భూమి పోగొట్టుకుని ఊళ్లోనే మిగిలినవాడికి ఆ దారి లేదు. ట్రైనింగ్‌లో మొదటి సీట్లు వాళ్లవి కావాలి. మానిటరింగ్ గదిలో, ప్యానెళ్ల తనిఖీలో ఆ ఊళ్ల ఆడపిల్లలను తీసుకోవడానికి అడ్డేమీ లేదు.

కూలి సంగతి టెండర్‌లోనే తేలిపోతుంది. నిర్వహణ కాంట్రాక్టు ఎక్కువ కాలానికి, తక్కువ ధరకు ఇచ్చినచోట కాంట్రాక్టరు మిగుల్చుకునేది మనుషుల మీదే. స్ట్రింగ్ లోపం పట్టగల మనిషిని కూడా ఊడ్చే మనిషి కేటగిరీలో రాస్తారు. అందువల్ల టెండర్‌లో నాలుగు ముక్కలు విడివిడిగా ఉండాలి: ప్రతి 10 మెగావాట్లకు పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమంది ఆ గని పరిధివాళ్లు, వాళ్ల వేతనం ఏ నైపుణ్య కేటగిరీలో ఉంటుంది, ఇన్సులేటెడ్ గ్లవ్స్ నుంచి డీసీ మీటర్ దాకా పనిముట్లు ఎవరు కొనాలి. గుట్ట మట్టాలు ఏటా రెండుసార్లు తీసే ఖర్చును వేరే ఐటమ్‌గా చూపాలి, లేకపోతే రెండో ఏడు నుంచి ఆ పని ఆగిపోతుంది. కాంట్రాక్టు ఇచ్చాక ఇవి చేర్చడం కుదరదు, డీపీఆర్ దశలోనే యూనియన్లు, గ్రామ పంచాయతీలు కాగితం అడిగి చదివి, రాయించుకోవాలి.